రాబ్ ర్యాన్ హచిన్సన్‌లో గడిపిన ఆ ఒక్క ఏడాది: జూనియర్ కాలేజీ డిఫెన్సివ్ కోచ్ ఉద్యోగం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుంది?

ఫ్రిస్కో మామయ్య (టెక్సస్)

మిత్రులందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ లోతుపాతులు తెలిసినవారు ఇక్కడ కొందరున్నారు కాబట్టి ఒక సలహా అడుగుతున్నాను. మా అక్క కొడుకు ఒక చిన్న విశ్వవిద్యాలయం జట్టులో లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్‌లో రెండో వరుస ఆటగాడిగా) ఆడి, మొన్న మే నెలలో డిగ్రీ పూర్తి చేశాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు (వృత్తి ఆటగాళ్ల లీగ్‌కు) సరిపోయే ఆట తనది కాదని వాడే తేల్చుకున్నాడు, కానీ ఆటను వదలలేక కోచ్ అవుతానంటున్నాడు. కాన్సస్‌లోని ఒక జూనియర్ కాలేజీ (రెండేళ్ల కాలేజీ) లైన్‌బ్యాకర్లను చూసుకునే సహాయ కోచ్‌గా రమ్మని పిలిచింది. జీతం పేరుకు మాత్రమే ఉంటుందట, ఉండడానికి హాస్టల్లో గది, కాలేజీ మెస్సులో భోజనం ఇస్తారట. మా బావగారి కంటికి ఇది ఉద్యోగంలా ఆనడం లేదు.

మా డాలస్ కౌబాయ్స్ జట్టుకు 2011, 2012 సీజన్లలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (డిఫెన్స్ మొత్తం చూసుకునే కోచ్‌గా) పనిచేసిన రాబ్ ర్యాన్ కూడా ఒకప్పుడు కాన్సస్ జూనియర్ కాలేజీలోనే పనిచేశాడని చెప్పి ఆయనను కొంత మెత్తబరిచాను. అయితే ఆ ఉదాహరణ ఎంతవరకు చెల్లుతుందో నాకే అనుమానంగా ఉంది. ఆ దారిలో వెళ్లినవాళ్లు నిజంగా ఎక్కడికి చేరుతున్నారో తెలిసినవారు చెప్పగలరా?

గోధుమనేల (విచిత, కాన్సస్)

మామయ్య గారూ, ఉదాహరణ నిజమే గాని, దాన్ని కింది నుంచి పైకి ఎక్కిన కథగా చెబితే మీ బావగారిని తప్పుదారి పట్టించినట్టవుతుంది. రాబ్ ర్యాన్ 1996లో హచిన్సన్ కమ్యూనిటీ కాలేజీకి (జూనియర్ కాలేజీకే ఇది మరో పేరు) పై నుంచి కిందికి దిగి వచ్చాడు.

వరుస ఇది. 1987లో వెస్టర్న్ కెంటకీలోనూ, 1988లో ఒహాయో స్టేట్‌లోనూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేసి, 1989 నుంచి 1993 దాకా టెన్నెసీ స్టేట్‌లో పనిచేశాడు. 1994లో తండ్రి బడ్డీ ర్యాన్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు అరిజోనా కార్డినల్స్‌కు హెడ్ కోచ్ కాగానే ఆయన సిబ్బందిలో డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్‌గా చేరాడు. కవల సోదరుడు రెక్స్ కూడా అక్కడే ఉన్నాడు. మొదటి ఏడాది 8 గెలుపులు, 8 ఓటములు. రెండో ఏడాది 4 గెలుపులు, 12 ఓటములు. యాజమాన్యం తండ్రిని తీసేయడంతో కొడుకులిద్దరూ రోడ్డున పడ్డారు. రెక్స్‌కు సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. రాబ్ హచిన్సన్ వచ్చాడు.

ఈ ఊరు మా విచితకు వాయవ్యంగా 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఉప్పు గనులకూ, ఏటేటా జరిగే రాష్ట్ర సంతకూ, 1949 నుంచి ఇక్కడే జరుగుతున్న జూనియర్ కాలేజీల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలకూ దీనికి పేరు. 1996 నాటికి ఇక్కడి ఫుట్‌బాల్ కోసం దేశం నలుమూలల నుంచి ఎవరూ వచ్చేవారు కారు. (ఇప్పటి హచిన్సన్ వేరు. 2020, 2024 సీజన్లలో జాతీయ విజేత.) కానీ ఆ ఊరు అతనికి ఇచ్చినది ఒకటుంది. అరిజోనాలో అతను తండ్రి గీసిన గీతలో నడిచిన సహాయకుడు. హచిన్సన్‌లో డిఫెన్స్ మొత్తం అతనిది, ఏ ఆటకు ఏ పిలుపు ఇవ్వాలో తేల్చేది అతనే. మరుసటి ఏడాదే, అంటే 1997లో, బాబ్ సిమన్స్ హెడ్ కోచ్‌గా ఉన్న ఓక్లహోమా స్టేట్ అతన్ని డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా తీసుకుంది. ఆ జట్టు ఆ సీజన్లో 8 గెలిచి 4 ఓడి అలామో బౌల్‌కు (సీజన్ చివర మంచి జట్లకు దక్కే ప్రత్యేక మ్యాచ్‌కు) వెళ్లింది. 1988 తరువాత వారికి అదే మొదటి బౌల్. 1998లో రెక్స్ పక్కనే ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు కాబట్టి ఆ రాష్ట్రపు అతి పెద్ద పోటీలో అన్నదమ్ములే ఎదురెదురు పడ్డారు, గెలిచింది రాబ్ వైపు. 2000లో బిల్ బెలిచిక్ తన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్‌కు లైన్‌బ్యాకర్స్ కోచ్‌గా పిలిచాడు. 2002 ఫిబ్రవరిలో మొదటి సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) విజేత ఉంగరం, 2004 ఫిబ్రవరిలో రెండోది. హచిన్సన్‌కూ మొదటి ఉంగరానికీ మధ్య ఆరేళ్లు కూడా లేవు.

నాలుగో డౌన్ (న్యూజెర్సీ)

గోధుమనేల గారు చెప్పిన వివరాలు సరైనవే. అయినా ఆ ఇంటిపేరును పక్కన పెట్టి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. బడ్డీ ర్యాన్ 1985 షికాగో బేర్స్ డిఫెన్స్‌ను నడిపినవాడు. ఎనిమిది మందిని బంతి దగ్గరికి తెచ్చి, ప్రత్యర్థి ముందు వరుస మధ్యలో ఉండే సెంటర్‌కూ ఇద్దరు గార్డులకూ ఎదురుగా ముగ్గురు లైన్‌మెన్‌ను నిలబెట్టి, క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి విసిరే ఆటగాడికి) ఊపిరాడనివ్వని ఆ 46 డిఫెన్స్ ఆయన సృష్టి. (46 అన్నది మనుషుల లెక్క కాదు, సేఫ్టీగా (అందరికన్నా వెనుక నిలబడే డిఫెండర్‌గా) ఆడిన డగ్ ప్లాంక్ వేసుకున్న చొక్కా మీది అంకె.) ఆ ఏడాది బేర్స్ 15 గెలిచి ఒక్కటే ఓడి, సూపర్ బౌల్‌ను 46–10 తేడాతో గెలుచుకున్నారు. పదేళ్ల తరువాత కూడా దేశంలోని ప్రతి కోచ్‌కూ ఆ పేరు తెలుసు. అలాంటి తండ్రి కొడుకు ఒక ఏడాది కాన్సస్‌లో తలదాచుకుని మళ్లీ పైకి వెళ్లడంలో ఆశ్చర్యపడవలసింది ఏముంది? అదే 1996లో, అదే కాన్ఫరెన్స్‌లో (ఆ కాలేజీ జట్ల లీగ్‌లో), అదే పని చేసిన మిగతా డిఫెన్సివ్ కోచ్‌ల పేర్లు మనలో ఒక్కరైనా చెప్పగలరా? మామయ్య గారి మేనల్లుడు పోల్చుకోవలసింది ఆ పేరు తెలియనివాళ్లతో.

గోధుమనేల

ఒప్పుకుంటాను. అయితే ఇంటిపేరు లేనివాళ్లకు కూడా హచిన్సన్ నుంచి దారి ఉంది, కాకపోతే అది చాలా పొడుగు దారి. శామ్ పిట్‌మన్ 1992, 1993 సీజన్లలో ఇక్కడే హెడ్ కోచ్‌గా ఉన్నాడు. ఆయన అఫెన్సివ్ లైన్ మనిషి కాబట్టి మన చర్చకు నేరుగా రాడు గాని, 2020 సీజన్‌కు ఆర్కాన్సా విశ్వవిద్యాలయం హెడ్ కోచ్ పదవి దక్కేదాకా ఆయన పాతికేళ్లకు పైగా ఊరూరా లైన్ కోచ్‌గానే తిరిగాడు.

బే ఏరియా భారతి (కాలిఫోర్నియా)

అందరూ కాన్సస్ దగ్గరే ఆగిపోయారు. జూనియర్ కాలేజీ నుంచి డిఫెన్స్ మీదుగా పైకి వెళ్లిన అతి పెద్ద పేరు మా రాష్ట్రంలో ఉంది, ఆయన పేరుతో వచ్చే వీడియో గేమును మన ఇళ్లలో పిల్లలు ఆడుతూనే ఉన్నారు. జాన్ మాడెన్‌ను 1958 డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) ఫిలడెల్ఫియా ఈగల్స్ ఎంచుకుంది గాని, శిక్షణ శిబిరంలో మోకాలు దెబ్బతినడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కాలు బాగుపడే రోజుల్లో జట్టు క్వార్టర్‌బ్యాక్ నార్మ్ వాన్ బ్రాక్లిన్ పక్కన కూర్చుని మ్యాచుల ఫిల్ములు చూస్తూ ఆట చదవడం నేర్చుకున్నాడు. 1960లో సాంటా మరియాలోని అలన్ హాన్‌కాక్ కాలేజీలో సహాయ కోచ్‌గా చేరి, 1962లో హెడ్ కోచ్ అయ్యాడు; 1963లో ఆ జట్టు 8 గెలిచి ఒకటి ఓడింది. ఇది కూడా రెండేళ్ల కాలేజీయే.

ఆ తరువాత 1964లో డాన్ కోరియెల్ ఆయనను శాన్ డియాగో స్టేట్‌కు డిఫెన్స్ చూసుకోవడానికి తీసుకున్నాడు. కోరియెల్ అంటే పాసింగ్ ఆటకు మారుపేరు. రోజూ సాధనలో ఆ పాసింగ్‌ను ఎదుర్కొన్న డిఫెన్సివ్ కోచ్‌కు అంతకన్నా మంచి బడి ఇంకొకటి ఉండదు. 1967లో ఓక్లండ్ రైడర్స్‌లో లైన్‌బ్యాకర్స్ కోచ్, 1969లో 32 ఏళ్ల వయసులో హెడ్ కోచ్, 1977 జనవరిలో సూపర్ బౌల్ విజేత. మొత్తం 103 గెలుపులు, 32 ఓటములు, 7 సమానాలు. నాలుగో డౌన్ గారూ, ఈయనకు ఏ ఇంటిపేరూ లేదు, తండ్రి ఆటో మెకానిక్.

అయితే మా దగ్గర ఇంకో రకం జీవితం కూడా ఉంది, మామయ్య గారి బావగారికి అది నచ్చవచ్చు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు క్రీడాకారులకు ఉపకారవేతనాలు ఇవ్వవు. కోచ్‌లలో కొందరు వ్యాయామ విద్యా విభాగంలో పూర్తికాలపు అధ్యాపకులు, వారికి ఉద్యోగ భద్రత ఉంటుంది; మిగతావాళ్లు సీజన్‌కు ఇంత అని ఇచ్చే చిన్న భత్యంతో, పగలు వేరే పని చేసుకుంటూ సాయంత్రం మైదానానికి వస్తారు. ఆ మొదటి రకం స్థానం దొరికినవాళ్లు కదలరు. సిటీ కాలేజ్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జ్ రష్ 1977 నుంచి 2014 దాకా హెడ్ కోచ్‌గా ఉన్నాడు. ఓక్లండ్‌లోని లేనీ కాలేజీకి 2004లో వచ్చిన జాన్ బీమ్ 2012లో హెడ్ కోచ్ అయి, తరువాత క్రీడా విభాగానికి అధిపతిగా కూడా అక్కడే ఉండిపోయాడు. 2025 నవంబరులో ఆ ప్రాంగణంలోనే కాల్పులకు బలైనప్పుడు ఆయన పాత శిష్యులు ఎంతమంది వచ్చి నిలబడ్డారో ఇక్కడివాళ్లం చూశాం. మీ కౌబాయ్స్ 2021 డ్రాఫ్ట్ మూడో రౌండులో తీసుకున్న కార్నర్‌బ్యాక్ నాషాన్ రైట్ ఆ లేనీ మైదానం నుంచే ఒరెగాన్ స్టేట్‌కు వెళ్లాడు. పైకి వెళ్లడం ఒక్కటే విజయమని ఆ ఊరిలో ఎవరితోనైనా అని చూడండి, ఒప్పుకోరు.

కొత్త ప్రేక్షకుడు (హైదరాబాద్)

పెద్దల చర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి. నేను ఈ మధ్యనే ఈ ఆట చూడడం మొదలుపెట్టాను. రెండేళ్ల కాలేజీలో డిఫెన్సివ్ కోచ్ చేసే పనికీ, పెద్ద విశ్వవిద్యాలయంలో అదే పదవిలో ఉన్నవాడు చేసే పనికీ తేడా ఏమిటి? ఆట ఒకటే కదా?

గోధుమనేల

ఆట ఒకటే, చేతిలో ఉండే కాలం వేరు. నేను కోచ్‌ను కాను. ఈ రాష్ట్రంలో ఒక కమ్యూనిటీ కాలేజీలో కొన్నేళ్లు గణితం బోధించాను, నా తరగతిలో ఏటా ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఉండేవారు. కాబట్టి నేను చూసింది మైదానం వైపు నుంచి కాదు, తరగతి గది తలుపు వైపు నుంచి. ఆ తలుపు దగ్గర ఉదయం ఎనిమిది గంటలకు చేతిలో జాబితాతో నిలబడి, ఎవరు వచ్చారు, ఎవరు నిద్రపోతున్నారు అని చూసుకునేవాళ్లు సహాయ కోచ్‌లే. హైస్కూలు మార్కుల వల్ల అర్హత తప్పిన కుర్రాడు ఎన్‌సీఏఏ (విశ్వవిద్యాలయ క్రీడల సంఘం) మొదటి శ్రేణి విశ్వవిద్యాలయానికి మారాలంటే ఇక్కడ రెండేళ్ల డిగ్రీ పూర్తి చేయాలి, గ్రేడ్ల సగటు 2.5కు తగ్గకూడదు, 2016కు ముందు 2.0 ఉంటే సరిపోయేది. మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) గొప్పగా ఆడినవాడు బీజగణితంలో తప్పితే ఏ పెద్ద జట్టూ తీసుకోలేదు, అతన్ని పంపలేని కోచ్‌కు మరుసటి ఏడాది మంచి ఆటగాళ్లు రారు. అందువల్ల నా తరగతి మార్కుల గురించి నాకన్నా లైన్‌బ్యాకర్స్ కోచ్‌కే ఎక్కువ ఆందోళన ఉండేది.

ఇక మైదానం సంగతి. ఆగస్టులో ఆటగాళ్లు వస్తారు, నెల తిరగకముందే మొదటి మ్యాచ్ ఉంటుంది. జట్టులో సగం మంది ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగనివాళ్లు. ఒకడు హైస్కూలు నుంచి నేరుగా వస్తాడు, ఇంకొకడు పెద్ద విశ్వవిద్యాలయంలో ఇమడలేక వెనక్కి వస్తాడు, మరొకడు ఏడాది పాటు గిడ్డంగిలో పనిచేసి మళ్లీ బూట్లు కట్టుకుంటాడు. ఒక్కొక్కడు ఒక్కొక్క భాషలో డిఫెన్స్ నేర్చుకుని వస్తాడు. ఒకచోట ‘స్కై’ అన్న పిలుపు ఇంకోచోట వేరే పేరుతో ఉంటుంది. విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఒకే ప్లేబుక్ చదివిన సేఫ్టీ మిగతా పదిమందిని సర్దగలడు, ఇక్కడ అలాంటివాడు దొరకడు. కాబట్టి తెలివైన జూనియర్ కాలేజీ డిఫెన్సివ్ కోచ్ ముందు వరుసకు ఒకే అమరిక, వెనుక రెండు మూడు కవరేజీలు (పాసులను కాచుకునే పద్ధతులు), వాటిమీద కొన్ని బ్లిట్జ్‌లు (అదనపు మనుషులను క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపే ఎత్తులు) పెట్టుకుని, మిగతా సమయమంతా టాక్లింగ్ మీదా, వరుస నిలుపుకోవడం మీదా పెడతాడు. నవంబరుకు ఆ జట్టు ఒక రూపానికి వస్తుంది. డిసెంబరులో అందులో ఉత్తములు వెళ్లిపోతారు. మళ్లీ మొదటి నుంచి.

ఇంకొక మాట. కాన్సస్ కాన్ఫరెన్స్‌లో ఒక్కో జట్టులో బయటి రాష్ట్రాలవాళ్లు ఎంతమంది ఉండవచ్చన్న దానిమీద చాలాకాలం పరిమితి ఉండేది, 2016లో ఎత్తేశారు. కాబట్టి ఈ రోజు అక్కడికి వెళ్లే సహాయ కోచ్‌కు ఫ్లోరిడా, జార్జియా, టెక్సస్ హైస్కూలు కోచ్‌ల ఫోన్ నంబర్లు ఎన్ని ఉన్నాయన్నది ప్లేబుక్ ఎంత తెలుసన్న దానికన్నా ముందు ప్రశ్న.

బెజవాడ లెక్చరర్ (విజయవాడ)

ఈ చివరి మాట చదివాక నాకు మా వృత్తి గుర్తుకొచ్చింది. ఇంటర్మీడియట్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడికి కూడా పిల్లవాడు రెండేళ్లే ఉంటాడు, ఆ తరువాత వాడు ఏ ఐఐటీలో చేరాడన్న దాన్నిబట్టే మాకు విలువ కడతారు. ఇక్కడ కూడా కోచ్‌కు పేరు తెచ్చేది గెలిచిన మ్యాచులా, లేక పంపిన ఆటగాళ్లా? పంపిన ఆటగాళ్లే అయితే ఆ లెక్క ఎవరు రాసిపెడతారు?

గోధుమనేల

రెండూ అవసరమే, కానీ సహాయ కోచ్ స్థాయిలో రెండోదే ఎక్కువ. కష్టం ఏమిటంటే ఆ లెక్కలో ఒక్కడి పేరు మీద రాసుకోగలిగింది చాలా తక్కువ. జేసన్ పియర్-పాల్ దారి చూడండి. ఫ్లోరిడా హైస్కూలులో బాస్కెట్‌బాల్ ఆడుతూ ఆలస్యంగా ఫుట్‌బాల్‌కు వచ్చాడు. 2007లో కాలిఫోర్నియాలోని కాలేజ్ ఆఫ్ ద కాన్యన్స్, 2008లో మా కాన్సస్‌లోని ఫోర్ట్ స్కాట్, 2009లో సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం. 2010 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెయింట్స్ 15వ ఆటగాడిగా తీసుకుంది. మూడేళ్లలో మూడు కాలేజీలు, మూడు డిఫెన్స్‌లు. అతనికి చేతులు వాడడం నేర్పింది ఎవరు? టీవీలో వ్యాఖ్యాత చెప్పేది చివరి కాలేజీ పేరే.

బ్రూస్ అర్విన్ సంగతి ఇంకా ఆసక్తికరం. హైస్కూలు మధ్యలో మానేసినవాడు తరువాత పరీక్ష రాసి మౌంట్ శాన్ ఆంటోనియో కాలేజీలో చేరితే, మొదట సేఫ్టీగా ఆడించారు. అక్కడే అతన్ని డిఫెన్సివ్ ఎండ్‌గా (ముందు వరుస చివర నిలబడేవాడిగా) మార్చారు. వెస్ట్ వర్జీనియా మీదుగా 2012లో సియాటిల్ సీహాక్స్ అతన్ని కూడా 15వ స్థానంలోనే తీసుకుంది. సేఫ్టీగానే ఉంచి ఉంటే ఆ పేరు మనం వినేవాళ్లం కాదని నా నమ్మకం. ఆటగాడి శరీరం చూసి, వాడు ఇప్పుడు ఆడుతున్న స్థానం కాక ఆడవలసిన స్థానం కనిపెట్టడం ఈ స్థాయి డిఫెన్సివ్ కోచ్ చేయగల అతి పెద్ద పని. విశ్వవిద్యాలయంలో అలాంటి ప్రయోగానికి అంత వెసులుబాటు ఉండదు.

నాలుగో డౌన్

అందమైన మాటలే గాని, గోధుమనేల గారు చెబుతున్న, ఆటగాళ్లను పైకి పంపే ఆ బజారు ఇప్పుడు కుంచించుకుపోతోంది. 2018 అక్టోబరులో ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (విశ్వవిద్యాలయం మారదలచిన ఆటగాళ్ల పేర్ల జాబితా) తెరిచింది, 2021 నుంచి ఒకసారి విశ్వవిద్యాలయం మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేదు, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా అంతే. కాబట్టి డిసెంబరులో ఒక డిఫెన్సివ్ టాకిల్ కావలసిన పెద్ద జట్టు, ఇంకో విశ్వవిద్యాలయంలో మూడేళ్లు బరువులెత్తి, అదే స్థాయి ప్రత్యర్థులతో ఆడినవాణ్ని తీసుకుంటుంది. జూనియర్ కాలేజీ కుర్రాడి ఫిల్ము తరువాత చూస్తారు. కోచ్‌ల విషయంలోనూ అంతే. పెద్ద విశ్వవిద్యాలయాల్లో విశ్లేషకులూ, నాణ్యతా సహాయకులూ అన్న పేర్లతో పదుల కొద్దీ ఉద్యోగాలు పుట్టాయి, 2024 నుంచి వాళ్లు కూడా మైదానంలో నేర్పవచ్చు. పాతికేళ్ల కుర్రాడు అక్కడ చేరి పైవాళ్ల కళ్లముందు ఉండడం మేలా, కాన్సస్ హాస్టల్లో ఉండడం మేలా?

పైగా కాలేజీయే జట్టును మూసేస్తే? అరిజోనాలో ఫీనిక్స్, మెసా, గ్లెండేల్, స్కాట్స్‌డేల్ కమ్యూనిటీ కాలేజీలు నాలుగూ ఒకే జిల్లా కిందివి. ఖర్చులూ బీమా భారమూ కారణంగా చూపి 2018 సీజన్‌తో నాలుగు జట్లనూ ఒకేసారి మూసేశారు. టూసాన్‌లోని పీమా కూడా ఆ ఏడాదితోనే ఆగింది. ఒక్క శీతాకాలంలో ఆ రాష్ట్రంలో ఎన్ని కోచ్ కుర్చీలు మాయమయ్యాయో లెక్కవేసుకోండి.

బే ఏరియా భారతి

మూసివేతల గురించి చెప్పింది నిజం. పోర్టల్ విషయంలో మాత్రం రెండో వైపు కూడా ఉంది. న్యూ మెక్సికో మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడి 2021లో జూనియర్ కాలేజీ జాతీయ విజేతగా నిలిచిన క్వార్టర్‌బ్యాక్ డియాగో పావియా, అక్కడ ఆడిన ఏళ్లను తన అర్హతలో కలపకూడదని కోర్టుకు వెళ్లి 2024 డిసెంబరులో అనుకూలమైన ఉత్తర్వు తెచ్చుకున్నాడు. దాని వెంటనే ఎన్‌సీఏఏ అదే స్థితిలో ఉన్న మిగతా ఆటగాళ్లకు కూడా 2025–26కు ఒక ఏడాది సడలింపు ఇచ్చింది. రెండేళ్ల కాలేజీలో గడిపిన కాలం ఆటగాడి ఖాతాలోంచి కోత పడకపోతే, ఎదగవలసిన పద్దెనిమిదేళ్ల లైన్‌మన్‌కు పెద్ద జట్టు బెంచీ మీద కూర్చోవడం కన్నా కాన్సస్‌లో ప్రతి శనివారం ఆడడమే లాభం. ఆ నియమం స్థిరపడితే మీరు మూతపడిందంటున్న బజారు మళ్లీ తెరుచుకుంటుంది. 2025 నుంచి పెద్ద విశ్వవిద్యాలయాలు జట్టులో 105 మందికి మించి ఉంచకూడదన్న పరిమితి కూడా వచ్చింది. ఉపకారవేతనం లేకుండా అక్కడ వేలాడుతూ ఉండే కుర్రాళ్లు ఎక్కడో ఒకచోట ఆడాలి కదా.

గోధుమనేల

మళ్లీ రాబ్ ర్యాన్ దగ్గరికి వెళ్తాను. జూనియర్ కాలేజీలో నేర్చుకున్నది పైకి వెళ్లాక గుర్తుంటుందా అన్నది నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే ప్రశ్న. 2006లో ఓక్లండ్ జట్టు 2 గెలిచి 14 ఓడినా అతని పాస్ డిఫెన్స్ ప్రత్యర్థులకు ఇచ్చిన యార్డుల లెక్కలో లీగ్‌లోనే మొదటిది. 2010లో క్లీవ్‌లాండ్‌లో ఉన్నప్పుడు వరుసగా న్యూ ఓర్లీన్స్‌ను 30–17తోనూ, న్యూ ఇంగ్లండ్‌ను 34–14తోనూ ఓడించారు. ఆ మొదటి ఆటలో డిఫెండర్లంతా నిలబడి అటూ ఇటూ తిరుగుతూ ఉంటే న్యూ ఓర్లీన్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్‌కు ఎవరు మీదికి వస్తారో, ఎవరు వెనక్కి వెళ్తారో అర్థం కాలేదు. 2012లో 7,042 యార్డులు ఇచ్చి లీగ్ చరిత్రలోనే అధ్వాన్నమైన రికార్డు మూటగట్టుకున్న న్యూ ఓర్లీన్స్ డిఫెన్స్‌ను 2013లో చేతికి తీసుకుని ఒక్క ఏడాదిలో నాలుగో స్థానానికి తెచ్చాడు. మరుసటి ఏడాది అది 31వ స్థానానికి పడిపోయింది. 2015 నవంబరులో వాషింగ్టన్ చేతిలో 47–14తో ఓడిన మరునాడే తీసేశారు. అతని పథకాలు ఆటగాళ్లకు అర్థం కానంత చిక్కుగా తయారయ్యాయన్నది అప్పట్లో వినిపించిన ప్రధాన విమర్శ. ఆగస్టులో వచ్చిన అపరిచితులతో డిఫెన్స్ కట్టవలసిన హచిన్సన్‌లో అంత చిక్కుకు చోటు ఉండేది కాదు. ఆ క్రమశిక్షణ ఎక్కడో జారిపోయిందని నా అభిప్రాయం.

నాలుగో డౌన్

ఈ వివరణ వినడానికి బాగుంది, అందుకే నాకు అనుమానం. 1996లో హచిన్సన్‌లో అతని ప్లేబుక్ ఎంత పలుచగా ఉండేదో మనలో ఎవరం చూడలేదు. అదే మనిషి, అదే ఆలోచన 2013లో నాలుగో స్థానం తెచ్చాయి కదా. అప్పుడు చిక్కు కానిది రెండేళ్లలో ఎలా చిక్కయింది? 2014కు ముందు ఆ జట్టు అనుభవం ఉన్న డిఫెండర్లను వదులుకుంది, ఆ తరువాత గాయాలు వచ్చాయి. అతను వెళ్లిపోయాక కూడా ఆ సీజన్లో డిఫెన్స్ కోలుకోలేదు. మొత్తం 45 టచ్‌డౌన్ పాసులు ఇచ్చి లీగ్ రికార్డు సృష్టించింది. కోచ్ పథకాన్ని బట్టి ఆటగాళ్లు కాదు, ఆటగాళ్లను బట్టి పథకం నిలబడుతుంది.

బెజవాడ లెక్చరర్

మీ ఇద్దరి మాటలకూ మధ్యలో ఒక చిన్న సందేహం. మీరు చెప్పినదాన్నిబట్టి జూనియర్ కాలేజీలో ఆటగాళ్లను బట్టి పథకం మార్చుకోక తప్పదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పథకానికి సరిపడే ఆటగాళ్లను కొనుక్కోవచ్చు. ఆ కొనే అధికారం కోచ్ చేతిలో లేనప్పుడు అతను మళ్లీ హచిన్సన్‌లో ఉన్నట్టే కదా?

నాలుగో డౌన్

ఈ ప్రశ్నకు నా దగ్గర ఎదురు సమాధానం లేదు. సరిగ్గా అక్కడే నాకూ గోధుమనేల గారికీ పేచీ తగ్గుతుంది.

ఫ్రిస్కో మామయ్య

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను మా బావగారికి పంపాను. ఆయనకు మాడెన్ కథ కన్నా అరిజోనా మూసివేతలే మనసుకు పట్టాయి. ఆయన ఇప్పుడు ఇంకో మాట అంటున్నారు. టెక్సస్‌లోనే టీచరు సర్టిఫికెట్ తీసుకుని హైస్కూలులో పాఠం చెబుతూ డిఫెన్స్ కోచ్‌గా ఉంటే సరైన జీతం, ఆరోగ్య బీమా, పింఛను ఉంటాయి కదా అని. మేనల్లుడు వినడం లేదు. వచ్చే వారం ఆ కాలేజీ హెడ్ కోచ్‌తో వాడికి మరోసారి ఫోన్‌లో మాట్లాడే అవకాశం ఉంది. ఏమి అడగమంటారు?

గోధుమనేల

ముందుగా, లైన్‌బ్యాకర్ల గది (అంటే వాళ్లందరికీ నేర్పే బాధ్యత) పూర్తిగా అతనిదేనా లేక కోఆర్డినేటర్ పక్కన కూర్చుని ఫిల్ము కోసిపెట్టడమేనా అని అడగమనండి. సొంత గది ఉంటే రెండేళ్ల తరువాత చూపించుకోవడానికి అతను నేర్పిన ఆటగాళ్లు ఉంటారు, లేకపోతే ఏమీ ఉండదు. గత డిసెంబరులో, మే నెలలో డిఫెన్స్ నుంచి ఎవరెవరు ఎక్కడికి వెళ్లారో పేర్లతో సహా అడగాలి. మంచి హెడ్ కోచ్ ఆ జాబితాను నోటికి చెబుతాడు, తడుముకునేవాడి దగ్గరికి వెళ్లడం వృథా. తనకు ముందు ఆ స్థానంలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా అడగాలి. కాలేజీ ఇచ్చే హాస్టల్ గదితో వార్డెన్ పని కూడా తగిలిస్తారేమో తేల్చుకోవాలి, ఎందుకంటే అర్ధరాత్రి రెండు గంటలకు గొడవలు సర్దినవాడు ఉదయం ఆరుకు ఫిల్ము చూడలేడు. ఆరోగ్య బీమా విషయంలో సిగ్గుపడనక్కరలేదు. ఇరవై ఆరేళ్లు నిండేదాకా తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చు కాబట్టి అది మీ బావగారితో తేల్చుకోవలసిన సంగతి.

నాలుగో డౌన్

నేను ఒక్కటి కలుపుతాను. ఆ కోఆర్డినేటర్ ఎవరో, ఇంతకు ముందు ఎవరి దగ్గర పనిచేశాడో తెలుసుకోమనండి. సహాయ కోచ్‌లు కాలేజీ పేరుతో పైకి వెళ్లరు, పై స్థానానికి వెళ్తూ తమను వెంట తీసుకెళ్లే మనిషితో వెళ్తారు. కోరియెల్ లేకపోతే మాడెన్ ఇంకా కొన్నేళ్లు సాంటా మరియాలోనే ఉండేవాడేమో.

బే ఏరియా భారతి

టీచరు సర్టిఫికెట్ ఆలోచనను మేనల్లుడు కొట్టిపారేయకూడదు. టెక్సస్‌లో బ్లిన్, కిల్గోర్, నవారో, టైలర్, ట్రినిటీ వ్యాలీ లాంటి రెండేళ్ల కాలేజీ జట్లు ఉన్నాయి, వాటికి ఆటగాళ్లు వచ్చేది చుట్టుపక్కల హైస్కూళ్ల నుంచే. కాన్సస్‌లో రెండు సీజన్లు చేసినవాణ్ని హైస్కూలు హెడ్ కోచ్‌లు సంతోషంగా తీసుకుంటారు, హైస్కూలులో పేరు తెచ్చుకున్నవాణ్ని ఆ కాలేజీలు పిలుస్తాయి. సర్టిఫికెట్‌కు కావలసిన కోర్సులు చాలావరకు ఆన్‌లైన్‌లో చేయవచ్చు, జనవరి నుంచి మే దాకా సాయంత్రాలు కొంత ఖాళీ దొరుకుతుంది. ఆగస్టులో మాత్రం పుస్తకం తెరుస్తానని ఆశపడవద్దని చెప్పండి.

ఫ్రిస్కో మామయ్య

ఈ చివరి దారి ఇంట్లో ఇద్దరికీ నచ్చేలా ఉంది. గది సంగతి, జాబితా సంగతి, కోఆర్డినేటర్ సంగతి మూడూ వాడి చేత కాగితం మీద రాయించాను. హాస్టల్ వార్డెన్ పని గురించి మాత్రం వాడు ముందే అడిగాడట; ఉంటుందని చెప్పారట.